కుక్కర్ కూత లేని పాట

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాలకు ఏడాది. టీవీ ముంగట టేప్‌రికార్డర్ పెట్టి నువ్వు రికార్డు చేసిన ఆ వీడియోగేమ్ పాట క్యాసెట్ అరిగిపోతున్నది. గేమ్ చేసిన జపాన్ కంపెనీ రెండు గేములకే మూతపడ్డది గదా, పాట కోసం నేను తిరగని దుకాణం లేదు.

పొద్దుగాల పంజాగుట్ట నెట్ సెంటర్ల అసలు పాట దొరికింది. నాలుగుసార్లు విన్న. ఏదో తక్కువైనట్టే ఉన్నది. కూసోబుద్ధి కాక అమీర్‌పేట దిక్కు నడిచిన. మైత్రీవనం కాడ సమజైంది. మన క్యాసెట్ల పాట నడుమ అమ్మ కుక్కర్ కూస్తది, "జర సప్పుడు చెయ్యకురా!" అని నువ్వు నా మీదికి లేస్తవు. అసలు పాటల అవి లెవ్వు.

ఇంటికొచ్చి క్యాసెట్టే పెట్టిన. ఈసారి అస్సలు సప్పుడు చెయ్యలే అన్నా.