మన ముగ్గురి భాష

మార్చి తొమ్మిది, ఆదివారం

అక్కకు, నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ నా ఒళ్లూ, కుట్టుమిషనూ రెండూ బాగానే నడుస్తున్నాయి. నువ్వు వేళకు తింటున్నావనీ, మోకాలి నొప్పి కాస్త తగ్గిందనీ తలుస్తాను. ఫోన్‌లో వీడియో పెట్టి చెబుదామంటే నా మొహం చూడగానే పసిగట్టేస్తావు, చెప్పదలచుకున్నది సగంలో ఆగిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

విషయం నీ కూతురిది. కంగారుపడకు, ఒంట్లో బాగానే ఉంది. దాని బుద్ధి సంగతే నాకు అనుమానంగా ఉంది.

వచ్చే శనివారం మా యూనివర్సిటీలో పెద్ద సందడి. చదువుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలంతా ఎవరి భాష, ఎవరి ఆట, ఎవరి పాట వాళ్లు స్టేజీ మీద చూపిస్తారు. నెల నుంచీ మా దుస్తుల గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒకరికి కుచ్చులు కావాలి, ఒకరికి తలపాగా కావాలి. ఒకడైతే వాళ్ల తాతగారి కోటు తెచ్చి, అతుకు కనబడాలి గానీ చిరుగు కనబడకూడదంటాడు. తిట్టుకుంటూనే కుట్టాను.

ఆ హడావుడిలో మన పిచ్చుక వచ్చింది. మాటలే లేని ఇంట్లో పుట్టి ఇంత వాగుడేమిటని మనం పెట్టిన పేరే, ఇప్పుడు దాని స్నేహితులూ అలాగే పిలుస్తున్నారు. తన జట్టుకు నల్ల చొక్కాలు కావాలంది. పొడుగు చేతులు, మెడ దాకా బొత్తాలు, ఒక్కటీ మెరవకూడదట. అందరూ రంగులు పూసుకుంటుంటే నీకు నలుపెందుకే అంటే, తర్వాత తెలుస్తుందిలే పిన్నీ అంది. నీ జట్టు ఏ దేశం వాళ్లే అంటే, అన్ని దేశాల వాళ్లూ అంది. ఏ భాషలో పాడతారే అంటే, కత్తెర తీసుకుని దారాలు కత్తిరిస్తూ కూర్చుంది. అడక్కపోయినా వంద చెప్పే పిల్ల, అడిగినా చెప్పలేదు. శనివారానికి మీ అమ్మను రమ్మందామా అని మాటవరసకు అన్నానో లేదో, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. అమ్మకు ఇప్పుడే ఏమీ చెప్పకు అని నా చెయ్యి పట్టుకుంది.

అనుమానం పెనుభూతం అంటారు. అక్కడ పట్టుకుంది నన్ను.

మొన్న క్యాంటీన్‌లో టీ తాగుతున్నాను. తాటిచెట్టంత ఎర్రజుట్టు కుర్రాడొకడు, తెలుగు ముక్క రానివాడు, నన్ను చూసి మణికట్టుతో ముక్కు కింద తుడుచుకున్నట్టు చేశాడు. ఆ బల్ల దగ్గరున్న వాళ్లంతా నావైపు తిరిగి నవ్వారు. అక్కా, అది నా పేరు! చిన్నప్పుడు నా ముక్కు ఎప్పుడూ కారుతుండేదని నువ్వు పెట్టిన సైగ. అమ్మ పోయాక ఆ పేరు తెలిసినవాళ్లం ముగ్గురమే, నువ్వూ నేనూ నీ కూతురూ. బావ బతికున్నన్నాళ్లూ ఆకలి, టీ తప్ప మూడో సైగ నేర్చుకోలేదు. మరి ఈ ఎర్రజుట్టువాడికి ఎవరు చెప్పినట్టు?

నిన్న వాళ్లు సాధన చేసుకునే గది ముందు నుంచి పోతూ తలుపు అద్దంలోంచి చూశాను. ఎవరో ఒక పిల్ల మధ్యలో నిలబడి, కాలితో నేలను రెండుసార్లు తట్టి, ఎడమచెయ్యి నడుముకు పెట్టి, కుడిచేత్తో ఎవరినో కడిగేస్తోంది. అచ్చం నువ్వే. ఆ కనుబొమలు ముడవడం, కోపమొస్తే మోచేతులు కూడా ఊగడం, అన్నీ దించేసింది. చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వుతున్నది నీ కూతురే.

బడి గేటు దగ్గర పిల్లలు చెవిటిదని నీ చేతులను వెక్కిరించిన రోజు నేను మర్చిపోలేదు. ఆ రోజు నుంచి వీధిలోకి వస్తే నీ చేతులు శాలువా కిందికి పోయాయి, ఇంటి తలుపు వేశాకే బయటికి వచ్చేవి. కొట్లో సబ్బు కావాలన్నా నా చేత అడిగించేదానివి. అలాంటి నిన్ను నీ కన్నకూతురే పదిమందిలో నవ్వులపాలు చేయబోతుంటే నా కడుపు మండిపోతోంది.

కాబట్టి శనివారం అది రమ్మన్నా రాకు. జ్వరమని చెప్పు. రేపు దాన్ని నిలదీస్తాను. కుట్టిన చొక్కాల చేతులన్నీ ఊడదీసి మూటకట్టి పెట్టాను, ఎలా వేసుకుంటారో చూస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ తోడబుట్టిన
చెల్లెలు

తా.క. సోమవారం మధ్యాహ్నం. కవరు అంటించకపోవడం మంచిదైంది.

నిలదీద్దామని ఆ గదికి పోయాను. తలుపు తోసేసరికి కోపంతో నోటికంటే ముందు చేతులే లేచాయి. అసలైన తిట్లన్నీ మనం చేతులతోనే కదా తిట్టుకున్నది! మా అక్కను చూసి నవ్వడానికి మీకెన్ని గుండెలు అని దులిపేశాను. ఒక్కరూ నవ్వలేదు. ఆ ఎర్రజుట్టువాడు ముందుకొచ్చి, నా పేరు పెట్టి పిలిచి, తప్పయింది, కూర్చో, నువ్వు మరీ తొందరగా మాట్లాడుతున్నావు, మళ్లీ చెప్పు అన్నాడు. చేతులతో, మన సైగల్లో! నా తిట్లు అందరికీ అర్థమయ్యాయి. అక్కా, బయటివాళ్లకు మన మాట అర్థమవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అక్కడే ఏడ్చేశాను.

ఎవరి మాతృభాష వాళ్లు చూపించాలన్నారు కదా, నా మాతృభాష ఇదే అందట పిచ్చుక. ముగ్గురే మాట్లాడే భాష స్టేజీ మీదకెందుకని ఎవరో అడిగితే, ముగ్గురే ఉన్నారు కాబట్టే అందట. నలుపు, చేతులు స్పష్టంగా కనబడటానికి. మొన్న వాళ్లు నవ్వింది నీ మీద కాదు, పాలు తాగేసిన పిల్లిని తిట్టావే, ఆ కథకు. నువ్వు చెబితే మనమూ అలాగే నవ్వేవాళ్లం కదా.

నాకు చెప్పకపోవడానికి కారణం, నా నోట్లో నువ్వుగింజ నానదని. అది నిజమే, నీ చేతిలోనే ఉంది సాక్ష్యం. నీకు చెప్పకపోవడానికి కారణం వేరు. గేటు దగ్గర నుంచే నీతో మాట్లాడేవాళ్లు తయారయ్యాకే నిన్ను పిలవాలనుకుందట.

ఒక్కటే చిక్కు. ప్రతి జట్టూ తమ భాషలో స్వాగతం చెప్పి మొదలుపెట్టాలి. మనకు ఆ సైగ లేదు. 'రా' అన్నది ఉంది గానీ, అది అన్నానికి రానప్పుడు నువ్వు నా చెవి మెలేసేదానివే, అదే సైగ. మన భాషలోకి కొత్తవాళ్లు ఎప్పుడొచ్చారని స్వాగతం ఉంటుంది? మొదటి నుంచీ సైగలు పెట్టేదానివి నువ్వే. వాళ్లంతా నీ కోసమే ఆగారు.

పైదంతా చింపేద్దామనుకున్నాను. నేను ఎంత గట్టిగా పప్పులో కాలేశానో చూసి నవ్వుకుంటావని ఉంచాను. చొక్కాలకు చేతులు మళ్లీ కుడుతున్నాను. జ్వరం గిరం వద్దు, శనివారం పొద్దున్నే బస్సెక్కు. శాలువా మాత్రం ఇంట్లో వదిలేసి రా.