ఖాళీ రాయి

ఇంద్రాణక్కా,

నేనొచ్చిన ఈ కొంటా అడవి ఊళ్లో ఫోను కలవడం లేదు, అందుకే ఉత్తరం. నడుం వంచకుండా ఇప్పపువ్వు ఏరే చేతికర్ర ఒకటి మా కంపెనీ తయారు చేయాలనుకుంటోంది. అదింకా కాగితం మీది బొమ్మే. ఊళ్లవాళ్లకు నచ్చుతుందేమో కనుక్కోమని నన్ను పంపారు.

ఇక్కడ ఊరి దారి పక్కన రంగుల బొమ్మలు వేసిన నిలువురాళ్లున్నాయి. చివరిది ఖాళీగా కనిపించింది. అందరి కంటా పడుతుందని, మా కర్ర బొమ్మ దాని మీద వేయమని ఆ బొమ్మలు వేసే మాసా అనే ముసలాయనను అడిగాను.

"కర్ర పట్టుకున్నట్టు ఎవర్ని ఎయ్యాలె?" అన్నాడు.

నవ్వుతూ నన్నే వేయమన్నాను.

మర్నాడు వెళ్తే రాతి మీద నేనున్నాను, కళ్లజోడుతో సహా. కింద ఇప్పసారా పోసిన తడి. మాసా కూతురు ముయె నా వైపు తిరగకుండా రాతితోనే చెప్పింది: "సచ్చినోళ్లకే ఏస్తం ఈ బొమ్మలు. ఇంక ఊళ్లెకు రాకు, ఈడనే ఉండు."

అప్పటి నుంచి ఎవరూ పలకడం లేదు. చెయ్యెత్తితే జీపు ఆగలేదు. పోస్టాఫీసులో స్టాంపు కోసం మూడుసార్లు పిలిచాను, గుమస్తా తలెత్తలేదు. స్టాంపు లేకుండానే డబ్బాలో వేస్తున్నాను.

అందితే ఒక్క ముక్క జవాబు రాయి అక్కా. నన్ను పేరు పెట్టి పిలుస్తూ రాయి.