కళ్ళు మూసుకోవద్దు నాయనా

నాయనా, గంజి పొయ్యి మీద ఉంది, తాగు. నేను మొదటి బస్సుకి అద్దంకి బడికి పోతున్నాను. శనివారం వస్తాను.

గోడ పక్కన నేల మీద సుద్దముక్కతో అడుగులు గీశాను. డాక్టరమ్మ చెప్పినట్టు వాటినే చూస్తూ, ఒక్కో గీతలో ఒక్కో పాదం పెట్టి, పొద్దునా సాయంత్రం పదేసి సార్లు నడువు. తూలితే గోడ పట్టుకో. అంకమ్మత్తని అక్కడ ఊడవొద్దని చెప్పు. మిరపకాయల కల్లంలోకి మాత్రం పోవద్దు. మొన్న అక్కడ చెప్పు ఊడిపోయినా తెలియకుండా వచ్చావని నవ్వాను చూడు, నీ పాదాలకి నేల తెలియడం లేదట. ఇన్నాళ్ళూ కళ్ళతో చూసుకునే నిలబడుతున్నావట.

నిన్న ఆస్పత్రిలో కళ్ళు మూసుకోమనగానే డాక్టరమ్మ మీదికి పడిపోయావు. పోయిన ఏడాది చర్చిలోనూ అంతే. ప్రార్థనకి లేచి అందరం కళ్ళు మూసుకున్నాం, నువ్వూ మూసుకున్నావు, పడ్డావు. తాగొచ్చాడన్నారు. తాగలేదని నువ్వు బైబిలు మీద చెయ్యేసి చెప్పినా వినకుండా, సంఘ పెద్దలు నీకు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఆపేశారు.

ఇకమీదట కూర్చుని ప్రార్థన చెయ్యి. నిలబడితే కళ్ళు తెరిచే ఉంచు, దేవుడేమీ అనుకోడు. ఇది జబ్బేనని డాక్టరమ్మ రాసిన కాగితం పాస్టరు గారికి ఇచ్చి బస్సెక్కుతాను.

దీనమ్మ

ఇంకొకటి. పైన రాయడానికి చెయ్యి రాలేదు. ఆ రోజు పెద్దలు నన్ను పక్కకి పిలిచి అడిగితే, నీ దగ్గర సారా వాసన వచ్చిందని చెప్పింది నేనే. రాలేదు నాయనా. అందరూ అంటుంటే వచ్చిందనుకున్నాను.