బొమ్మలో నా పడవ ఉందా

అమ్మాయీ నీల్త్యే, ఇక్కడ నేను బాగానే ఉన్నాను.

ఆ బొమ్మలు గీసే దొర మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు మీ అమ్మను ఇసుకలో నిలబెట్టి, రంగుల శాలువా తీయించి, విధవలు కప్పుకునే నల్ల శాలువా కప్పించి బొమ్మ గీశాడు. నేను నిక్షేపంగా పక్కనే పడవకు తారు పూస్తున్నాను. మన పడవ మీద పనిచేసే డిర్క్ అరిచాడు: "ఏరా ఆరీ, నువ్వు పోయావటగా! అయితే నీ వాటా చేపలు నాకే!" ఒడ్డంతా నవ్వింది. మీ అమ్మేమో, "కోప్పడకయ్యా, వెనకాల సముద్రంలో నీ పడవ వెయ్యమన్నాను, వేస్తానన్నాడు" అంది. నేను పోయి చూడలేదు. నాకేం పని?

మీ అమ్మ పోయిన దగ్గర్నుంచి కలలో అదే ఇసుక. నల్ల శాలువాతో నిలబడి ఉంటుంది. అలలకు చప్పుడుండదు. నేను చుక్కాని పట్టుకుని వస్తూనే ఉంటాను, ఒడ్డు మాత్రం రాదు.

ఆ బొమ్మ ఇప్పుడు నువ్వుండే హేగ్ పట్నంలోనే పెద్ద హాల్లో వేలాడుతోందని పాదిరిగారు చెప్పారు. నువ్వు పనిచేసే ఇంటి యజమానురాలిని ఒక పూట సెలవడిగి వెళ్ళి చూడు. ఎండు చేపలు అందాయా? దగ్గు తగ్గిందా? మేజోళ్ళకు నీలం ఉన్ని పంపు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

సోమవారం గుర్రాలు కట్టి పడవను నీళ్ళలోకి దించుతాం. శనివారానికల్లా నీ జవాబు నా చేతిలో ఉండాలి. బొమ్మలో పడవ లేకపోతే లేదనే రాయి. ఉంటే, ఒడ్డుకు వస్తోందో, ఒడ్డు వదిలి పోతోందో అది కూడా రాయి.

మీ నాన్న ఆరీ