అక్కకు మొక్కే చరణం

ఓబినిత్సా,
జూలై, ఆదివారం.

చిరంజీవి ఇరోకు అక్క దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. అందరం అని రాయడం అమ్మ నేర్పిన అలవాటు. ఇంట్లో ఉన్నది నేనూ పిల్లీ. నువ్వూ మరిది ఎయ్‌నారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ట్రోమ్సోలో రాత్రంతా వెలుతురే అని రాశావు. కిటికీలకు మందపాటి గుడ్డ కట్టుకో. నిద్ర చాలకపోతే చేపలు కోసేచోట కత్తి జారుతుంది.

అడిగినవాటికి జవాబులు. పొయ్యి గొట్టం బాగుచేయించాను. మోకాలు అలాగే ఉంది. అమ్మ సమాధి దగ్గర గడ్డి కోశాను. మూలనున్న దేవుడి పటాలకు కొత్త నారగుడ్డ వేశాను. మన పాటల గుంపులో నువ్వు పాడే పైస్థాయి గొంతు ఇప్పుడు హేలా పాడుతోంది. బాగానే పాడుతుంది, నీలా ఊపిరి దాచుకోవడం మాత్రం రాలేదు. డిస్కులో పెళ్ళికూతురి ఏడ్పుపాట ఎవరు పాడారని అడిగావు. అది చివర చెబుతాను.

ఇన్నేళ్ళుగా మన సేతో జాతివాళ్ళ పెళ్ళిళ్ళలో, పండుగల్లో పాడిన గుంపుకు ఇది మొదటి డిస్కు. ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. తార్తూ పట్నం నుంచి మార్గుస్ అనే ఆయన మైకులు తెచ్చి పాత బడి హాల్లో పెట్టాడు. మా మెళ్ళలోని వెండి గొలుసుల గలగల పాటలో పడుతోందట.

"అమ్మలూ, ఆ వెండి కాసేపు తీసి పెడతారా?" అన్నాడు.

"పళ్ళు తీసి నవ్వమన్నట్టుంది నాయనా," అంది నాస్తా. డెబ్బై దాటినా ఆవిడ నోటికి అలుపు లేదు.

"అది కాదు పెద్దమ్మా, పాట వినపడాలి కదా."

"ఈ చప్పుడు వినే మా అత్త నేనెక్కడున్నానో కనిపెట్టేది. ఆవిడకు పనికొచ్చింది, నీ పెట్టెకు పనికిరాదా?"

చివరకు గొలుసుల కింద శాలువాలు కుక్కుకున్నాం. మొదటి పాటలో ఊపిరాడనట్టు వినిపిస్తాం. నవ్వకు.

ఇక ఏడ్పుపాట. నేను ముందు పాడనన్న మాట నిజమే. పెళ్ళి కానిదాన్ని, యాభై దాటినదాన్ని, ఏ గడప దాటుతున్నానని ఏడవను?

"నీకోసం కాకపోతే ఇరో కోసం ఏడువు," అంది నాస్తా. "అది అక్కడెక్కడో ఆఫీసులో సంతకం పెట్టి పెళ్ళయిందనిపించుకుంది. ఈ గడప మీద ఒక్క చుక్క రాల్చిందా?"

చాలాసేపు ప్రార్థన చేసుకుని సరే అన్నాను.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఏడ్చి సెలవు తీసుకోని పిల్ల ఇల్లు వదిలినట్టు కాదని అమ్మ అనేది. ఆ మాట పట్టుకునే ఉన్నాను. ప్రతి శనివారం ఆవిరిస్నానం అయ్యాక నీ మంచం మీద దుప్పటి మారుస్తూ వచ్చాను. వంట చేస్తూ ఒక చరణం ఎత్తుకుంటాను. చివరి మాట అందుకునే గొంతు కోసం ఆగుతాను. పిల్లి నా ముఖం చూస్తుంది.

ఆ రోజు నేను నువ్వై పాడాను. అమ్మ స్థానంలో నాస్తా కుర్చీలో కూర్చుంది. ఆమె కాళ్ళకు వంగి ఏడ్చాను. వెనక ఆడవాళ్ళు ప్రతి చరణానికీ చివరి మాట అందుకున్నారు. తరువాత పెద్దక్కకు మొక్కే చరణం. ఎదురుగా ఎవరూ లేరు. అక్కడ నిలబడవలసినది నేనే. ఖాళీ నేలకు వంగి, "అక్కా, నీ చేతి రొట్టె తిని పెరిగాను, సెలవియ్యి," అన్నాను. వెనక ఒక్కరూ అందుకోలేదు. అందరూ ఏడుస్తున్నారు.

మార్గుస్, "ఇదొక్కటి మళ్ళీ పాడదామా?" అన్నాడు.

"సెలవు తీసుకునేది ఒక్కసారే," అన్నాను. అలాగే ఉంచాడు.

కనుక ఇరో, నువ్వు వెళ్ళావు. నిన్న నీ మంచం మీది దుప్పటి తీసి, ఉతికి, పెట్టెలో పెట్టాను. ఒట్టి మంచాన్ని చూడలేక ఆ గది తలుపు వేశాను.

అయితే వెళ్ళిన పిల్లే చుట్టమై రాగలదు. ఆగస్టు పండుగకు ఎయ్‌నార్‌ను తీసుకుని రా. మన ఆనవాయితీ ప్రకారం అమ్మ సమాధి మీద గుడ్డ పరిచి ముగ్గురం భోంచేద్దాం. ముందుగదిలో చుట్టాల పక్క వేసి ఉంచుతాను.

ఈలోగా ఆ పాట పెట్టుకుని విను. అక్క చరణం తరువాత మౌనం వస్తుంది. అక్కడ చివరి మాట నువ్వు అందుకో.

ఇట్లు,
నీకు సెలవిచ్చిన
పెద్దక్క
ఓదే