మగ్దలీనమ్మ మోకాళ్లు

నర్సుల వసతి గృహం,
10-4-1934.

నన్ను కన్న తల్లికి దయామణి వందనాలు.

కరుణాకరం మాస్టరుగారూ, ఈ ఉత్తరం మా అమ్మ ఒక్కదానికే. దయచేసి తలుపు దగ్గరికి వేసి చదివి వినిపించండి.

అమ్మా, నిన్న మా వార్డుకు ఒకామె వచ్చింది. ఎవరో దొరగారింట్లో పనిచేస్తుందట. ఆమె మోకాలి చిప్ప మీద అచ్చం నీకున్నట్టే నిమ్మకాయంత వాపు. నేను ఊరుకోవచ్చు కదా, నాకు నోటి దురద. "ఇది ప్రార్థన మోకాలండీ, మా అమ్మకూ ఉంది. మా ఊరు రాచర్లలో బిడ్డకు జ్వరమొస్తే ఆడవాళ్లు వచ్చి మా అమ్మ మోకాళ్లు ముట్టుకుని పోతారు" అని మా దొరసాని డాక్టరమ్మకు గొప్పగా చెప్పాను.

డాక్టరమ్మ నవ్వలేదు. "మా దేశంలో దీన్ని హౌస్‌మెయిడ్స్ నీ అంటారు, పనిమనిషి మోకాలని. బండల మీద మోకరించి బ్రష్షుతో రుద్దీ రుద్దీ వస్తుంది. మా అవ్వకు ఉండేది. మీ అమ్మ నేల కడుగుతుందా?" అంది. లేదండీ, కంభంలో రైలు ఇంజనీరు దొర పిల్లల్ని ఆడిస్తుంది అన్నాను. అంటుండగానే నేల కడిగే సోడాకు పగిలిన నీ వేళ్లు గుర్తొచ్చాయి. ఈస్టరుకు నేను ఇంటికి వచ్చినప్పుడు వాటిని కొంగు కింద దాచుకున్నావు.

మన ఆడవాళ్లు గొంతుక్కూర్చునే ఇల్లు అలుకుతారు. మోకాళ్లు వంచేది దేవుడి ముందే. అందుకే వాపు చూడగానే ఊరంతా ప్రార్థన అనుకుంది, నర్సు చదువు చదివే నేనూ అనుకున్నాను. ఆ దొర బంగళా వరండా నేను చూశాను. ఈ కొసన నిలబడితే ఆ కొసన మనిషి పిల్లవాడిలా కనిపిస్తాడు. నేను చదువుకున్న ఏడేళ్లూ అంత బండనూ మోకాళ్ల మీద పాకుతూ కడిగావా అమ్మా? నువ్వు నా తల్లివని ఎంత గొప్పగా చెప్పుకుందామన్నా నాకు నోరు చాలడం లేదు.

నేను వచ్చినప్పటికే నీ ఎడమ మోకాలు ఎర్రబడి కాలిపోతూ ఉంది. చీము పడితే కాలే పోవచ్చని డాక్టరమ్మ అంది. అప్పుడు నేను ఆసుపత్రికి రమ్మంటే, "దేవుడిచ్చిన గుర్తును సూదితో పొడిపించుకుంటే సంఘం ఏమనుకుంటది?" అన్నావు. ఏమైనా అనుకోనీ. నాకు నువ్వు కావాలి, రా.

నీ పాదాలు కళ్లకద్దుకుంటూ,
దయామణి.


రాచర్ల,
16-4-1934.

నా బిడ్డ దయామణికి అమ్మ చెప్పి రాయించేది.

నీ ఉత్తరం సగం చదివి మాస్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చదువు నాయనా, ఇంక దాచేదేముంది అన్నా.

మొదట ప్రార్థన మోకాళ్లని నేను చెప్పలా, ఊరే అనింది. కాదంటే బళ్లో నిన్ను పాచిపని దాని కూతురంటారని గమ్మునుంటి. తర్వాత ఆ మర్యాదకు నేనూ రుచి మరిగినా, అబద్ధమెందుకు. ఇంకో సంగతి నీకూ తెలవదు. రెండేండ్లుగా దేవుని ముందర నేను మోకరించిందే లేదు. దినమంతా బండల మీద పాకినాక మళ్లీ వంచితే ప్రాణం పోతది. గుళ్లో అందరూ కండ్లు మూసుకున్నాక వెనక గోడకానుకొని నిలబడే దేవుణ్ణి అడుగుతాండా. ఎవరు చూస్తారు?

నిన్న ఆదివారం గుళ్లో సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి అంతా చెప్పేసినా. బండలు, సోడా, గోడ, ఏదీ దాచలా. నా మర్యాద ఇయ్యాలతో సరి అనుకుంటి. ఇశ్రాయేలయ్య పాస్టరు "ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరూ మోకరిస్తారు గదా అని నేను గోడకు జరిగినా.

ఒక్కరూ మోకరించలా బిడ్డా. ముందు రూతమ్మవ్వ కర్ర పట్టుకొని లేచింది. చంటిబిడ్డల తల్లులు బిడ్డల్ని భుజానేసుకొని లేచినారు. మొగోళ్లు లేచినారు. నా కాలు బాగు చెయ్యమని గుడి గుడంతా నిలబడి అడిగినారు. ఇంత వయసొచ్చింది, ఇట్లాంటిది నేను చూడలా. నేను ఆమెన్ అనడం కూడా మరిచిపోయినా.

బుధవారం రైలుకు వస్తాండా. టేసనుకు రా. బండి దిగేటప్పుడు నీ భుజం కావాల.

ఇట్లు నీ అమ్మ,
మగ్దలీనమ్మ వేలిముద్ర.