పెద్ద చిత్రికకు చోటు

బుధవారం, రాత్రి భోజనాలయ్యాక

చెప్పేది నేను, రాసేది నా కోడలు పద్మ. ఒక్క మాట కూడా మార్చకూడదని ముందే గట్టిగా చెప్పాను.

మా ఆయన వడ్రంగి. ఇంటి వెనక షెడ్డులో, చెక్క నునుపు చేసే తన చిత్రికలకు పెట్టె చేశాడు. గాలివానకు పడిన మామిడి చెక్కతో, ఒక్కో చిత్రికకు ఒక్కో అర పెట్టాడు. ముచ్చటగా ఉంది, కాదనను. కానీ పెద్ద చిత్రికకు అర లేదు.

"దాన్నెక్కడ పెడతావయ్యా?" అన్నాను.

"చింతలపూడి హోటలాయన అందానికి గోడకి తగిలించుకుంటాడంట, ఇచ్చేస్తానన్నాను. ఇప్పుడన్నీ మిషన్లేగా, దాంతో పనేంటే?"

నాకు ఒళ్లు మండింది. అది ఒక్కరు తోసే చిత్రిక కాదు. ఆయన వెనక నుంచి తోస్తుంటే, నేను ముందు నిలబడి తాడు పట్టి లాగేదాన్ని. నూజివీడులో ఎన్ని ఇళ్ల తలుపులు అలా నునుపు తేలాయో!

"అందులో సగం నాది. నీ సగం కోసి ఇచ్చుకో, పో!" అన్నాను.

పద్మ రాస్తూ నవ్వుతోంది. నవ్వనీ.

ఆయన కాసేపు గొణిగి, సాయంత్రానికి పెట్టె విప్పి పొడుగు చేశాడు. పెద్ద చిత్రిక దర్జాగా కూర్చుంది. ఇప్పుడు మూత చాలడం లేదు. పొడుగు పలక తెచ్చి చదును చేయాలి.

"మిషను దగ్గరికి తీసుకెళ్లవా మరి?" అని దెప్పాను.

"నోరు మూసుకుని పొద్దున్నే వచ్చి తాడు పట్టుకోవే" అన్నాడు.

ఈ మధ్య నా కుడి భుజం పైకి లేవడం లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పను. ఎడమ చేత్తో లాగుతాను.